ఫ్యూమరిక మెడలో మాలిక

జూన్ 9

ఉదయం గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడితే నా ముఖం నాకు కనబడలేదు. అద్దం నిండా పసుపుపచ్చ, గులాబీ రంగు చీటీలు. చీటీకొక ఆంగ్లవాక్యం, వాక్యంలో ప్రతి మాట మొదటి అక్షరం కింద ఎర్రగీత. చీటీల నడుమ మిగిలిన చోట చూసుకుంటూ దవడ కోసుకున్నాను.

మనుమరాలు ఏంజెలిన్ నిన్న కోలారు అవతలి మెడికల్ కాలేజీ హాస్టలు నుంచి పెట్టెతో సహా ఇంటికి వచ్చింది. మొదటి సంవత్సరంలో తక్కిన పాఠాలన్నీ గట్టెక్కి, బయోకెమిస్ట్రీ ఒక్కదానిలో తప్పింది. వచ్చే నెలలో మళ్ళీ రాయాలి. అదీ తప్పితే తన జతవాళ్ళు రెండో సంవత్సరానికి పోతారు, ఈమె వెనుక వచ్చిన పిల్లలతో మళ్ళీ మొదటి బెంచీలో కూర్చోవాలి. "కూర్చోను తాతా. దానికన్నా మానుకుంటాను" అని చెప్పులు విడవకముందే ప్రకటించింది. మా అబ్బాయి నెల్సన్ కూతురి కంటే తొందరపాటువాడు. తెల్లవారి బెంగళూరు రైలు పట్టుకునేముందే తీర్పు చెప్పి పోయాడు: ఈసారి తప్పితే కాలేజీ చాలు, ల్యాబు పని నేర్పే కోర్సులో వేస్తాడట.

"అమ్మాయీ, ఈ వాక్యానికి అర్థమేమి?" అని పసుపుపచ్చ చీటీ చూపించాను.

"అర్థం లేదు తాతా. మొదటి అక్షరాలు జ్ఞాపకం పెట్టుకునేదానికి."

"మరి ఈ గులాబీ రంగుది?"

"అది నువ్వు చదవద్దు."

"ఎందుచేత?"

"హాస్టల్లో పిల్లోళ్ళు కట్టినది. చర్చి పెద్దలు చదివేది కాదు."

వంటింట్లో నుంచి నా భార్య ఎస్తరమ్మ అందుకుంది. "దాన్ని చదువుకోనీ నెల్సన్ నాయినా. ఒక పూట నీ గడ్డం పెరిగితే ఏమైతాది? పెండ్లిచూపులకు పోయేదుండాదా?"

జూన్ 10

గులాబీ చీటీ చదివాను. చదవకుండా ఉండవలసింది.

జూన్ 11

అశ్లీలాన్ని క్షమించవచ్చు, ప్రబంధాలు నూరిపోసినవాడిని, నాకు అది కొత్త కాదు. నేను క్షమించలేనిది దాని నిష్ప్రయోజనత్వం. ఏంజెలిన్‌కు వాక్యాలన్నీ కంఠతా వచ్చు. మొదటి అక్షరాలు గబగబ ఒప్పజెబుతుంది. ఆ అక్షరం ఏ పదార్థానిదో మాత్రం చెప్పలేదు.

"ఎమ్ అంటే?"

"మెథియొనీన్... కాదు, మాలేట్. ఇది ఏ చీటీ తాతా?"

తాళంచెవి పోకుండా ఇంకొక పెట్టెలో వేసి తాళం పెట్టి, ఆ తాళంచెవి ఎక్కడుందో మరిచిపోయే విద్య ఇది. దీనికి కాలేజీలు, ప్రొఫెసర్లు, తెర మీద వేలు ఆడిస్తూ అరిచే యూట్యూబు గురువులు!

మన పూర్వులకు ఈ దరిద్రం లేదు. పేరును పేరుగానే పద్యంలో కూర్చి, గణాలతో బిగించి, యతితో మేకు కొట్టారు. నిఘంటువులు, జ్యోతిషం, వైద్యం, పశువుల రోగాలు కూడా పద్యాల్లోనే బ్రతికాయి. హీబ్రూ భక్తులు సైతం తమ అక్షరమాల క్రమంలో ప్రార్థనలు కట్టుకున్నారు. చర్చిలో చిన్నపిల్లలకు కంఠత వాక్యాలు నేర్పినవాడిని, బడిలో ఒక తరానికి ఛందస్సు నేర్పినవాడిని. ఇంట్లో పిల్ల గులాబీ చీటీ పట్టుకుని పరీక్షకు పోవడమా?

పుస్తకం అడిగాను. ఇచ్చింది. ఇటుక కంటే బరువు.

జూన్ 13

అమైనో ఆమ్లాలు ముగిశాయి. శరీరం తనంతట తాను చేసుకోలేక అన్నంలో నుంచి తీసుకొనేవి. లూసీను, లైసీను, వేలీను: ప్రాస కోసం వెదకవలసిన పని లేకుండా చివర అన్నీ ఒకే రాగం తీశాయి. ఒకటి ముందు, ఒకటి వెనుక వేసి రెండు ఆటవెలదులలో ఇమిడ్చాను. ఎక్కడ ఏది కుదిరితే అక్కడ. పదార్థాలన్నీ వచ్చాయా లేదా అన్నదే లెక్క.

ఏంజెలిన్ మధ్యాహ్నం నేర్చుకుని సాయంత్రానికి తడుముకోకుండా అప్పజెప్పింది. "తాతా, ఇది పాటయిపోయె! ఇంగ మరిచిపోదామన్నా కాదు" అంది.

ఎస్తరమ్మ రాగి సంగటి గెలుకుతూ "లూసీను లైసీను" అని కూనిరాగం తీస్తున్నది. ఆమెకు నా పద్యం ఒక్కటి కూడా ఇంతవరకు నచ్చలేదని ఇక్కడ వ్రాసుకోవడం అవసరం.

జూన్ 16

విటమినులు. కందం. నల్లేరు మీద బండి అనలేను గాని, బండి నడిచింది.

జూన్ 18

ఇవాళ చిన్న అవమానం. సయనైడు విషానికి పద్యం కడదామని కూర్చుంటే ఏంజెలిన్ వద్దంది.

"సయనైడు ఊపిరిని ఆపేది కాదు తాతా. లోపల ఒక్కొక్క కణం ఆక్సిజన్‌ను వాడుకునే చివరి మెట్టు ఉండాది చూడు, దాన్ని కొట్టేస్తాది. గాలి ఉంటాది, వాడుకునేదానికి కుదరదు."

"ఇది జ్ఞాపకం ఉంచుకోవడానికి ఆధారం?"

"ఆధారం ఎందుకు? ఆడ ఉండాది కదా."

కిటికీలో నుంచి చాంపియన్ రీఫ్స్ బంగారు గని వైపు చేయి చూపించింది. బంగారం తీయగా మిగిలిన సయనైడు మట్టి దిబ్బలు, మా నాయన గనిలో దిగిన కాలం నుంచీ అక్కడే ఉన్నవి. గాలి వీచినప్పుడల్లా తెల్లదుమ్ము మా గుమ్మంలోకి వస్తుంది. ఆ దుమ్ముకు ఛందస్సు లేదు, అయినా పిల్ల మరిచిపోదు. సరే.

జూన్ 20

ఇక అసలు పని. ఏంజెలిన్ "టీసీఏ" అంటుంది. పుస్తకంలో సిట్రికామ్ల చక్రం. అన్నం శక్తిగా మారే దారిలో ఒక ఆమ్లం ఇంకొకటవుతుంది, అది మరొకటి, చివరిది మళ్ళీ మొదటిదాన్ని పుట్టిస్తుంది. అందువల్ల చక్రం. పేర్లు మాత్రం చెవిలో కంకర పోసినట్టున్నాయి. సక్సినేట్, ఫ్యూమరేట్, మాలేట్ అనే వాటి చివరి "ఏటు"లన్నీ కోసి, సక్సినిక, ఫ్యూమరిక, మాలిక అని దిద్దుకున్నాను. ఇప్పుడు కొంత మనుషుల పేర్లలా ఉన్నాయి.

జూన్ 21

తేటగీతి. రెండు పాదాలు కుదిరాయి. మూడోది కొరుకుడు పడడం లేదు.

జూన్ 22

ఆదివారం. ఆరాధనలో పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క తలకెక్కలేదు. బల్ల మీద వేళ్ళతో గణాలు వేస్తుంటే ఎస్తరమ్మ మోచేత్తో పొడిచింది.

జూన్ 23

కుదిరింది! వరుసగా రెండు పాదాలు ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

సక్సినిక యింట పెండ్లికి సందడించ
మాలికను దాల్చి పిదప ఫ్యూమరిక నిలుచు

సక్సినిక ఇంట్లో పెళ్ళి. పెళ్ళికూతురు ఫ్యూమరిక. మాలిక అనే ఆమ్లం ఆమె మెడలో పూలమాలికే అయిపోయింది. ఇంత శ్లేష చీటీల వాళ్ళకు కలలోనైనా తడుతుందా? యతి చూడు: పాదం "మా"తో మొదలైతే, నాలుగో గణం "ఫ్యూమరిక" నడుమనున్న "మ" మీద దిగుతున్నది. మాట మధ్యలో యతి దింపడం చేయి తిరిగినవాడికే చెల్లుతుంది. నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు?

పుస్తకంలో ఫ్యూమరిక ముందు, మాలిక తరువాత ఉన్న మాట వాస్తవం. కాని ఆ రెంటి నడుమ బాణం రెండు వైపులా ఉన్నది. ఇటునుంచి అటూ పోతుంది, అటునుంచి ఇటూ వస్తుంది. అందువల్ల బాధ లేదు.

జూన్ 24

ఏంజెలిన్ పద్యం విని చప్పట్లు కొట్టింది. ఫోనులో తానే పాడి, హాస్టలులో తన గది పంచుకునే అర్పితకు పంపింది. ఆ పిల్ల కూడా ఇదే పాఠం తప్పింది. అక్కడ పరీక్షకు చదువుకుంటున్న పిల్లలందరికీ ఒక వాట్సాప్ గుంపు ఉన్నదట. పద్యం అందులోకి పోయింది. "మీ తాత సూపర్" అని అర్పిత జవాబు. నా పేరు కూడా పెట్టి పంపావా అని అడిగాను. పెట్టిందట. మంచిది.

ఏంజెలిన్ పుస్తకంలో ఆ పేజీ మూసి పక్కన పెట్టింది. ఇక ఆ చక్రం మీద కాలం వృథా చేయనక్కరలేదని.

జూన్ 28

కాలేజీలో సన్నాహక పరీక్ష పెట్టారు. పొద్దున బస్సుకు పోయింది.

జూన్ 30

దీన్ని ఎలా వ్రాయాలో తెలియడం లేదు.

చక్రం వేయమని ప్రశ్న వచ్చింది. వేసింది. తక్కినదంతా సరిగానే ఉన్నది. సక్సినిక తరువాత మాలిక, దాని తరువాత ఫ్యూమరిక వేసింది. డాక్టర్ శశికళ అనే మేడమ్ ఎర్రసిరాతో దాని మీద పెద్ద అడ్డగీత కొట్టి, ఏంజెలిన్‌ను పిలిచి అడిగిందట. "పోయిన పరీక్షలో నువ్వు సరిగా వేసినది ఇదొక్కటే కదమ్మా. ఇప్పుడు ఇది కూడా తప్పితే ఎట్లా?"

ఇది వినిపిస్తూ ఏంజెలిన్ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులభంగా ఉండేది.

"టీసీఏ ఒకటే నాకు ముందునుంచి వచ్చిండె తాతా" అంది.

జూలై 1

బాణం రెండువైపులా ఉన్నది. పుస్తకం మళ్ళీ తీసి చూశాను. ఉన్నది. డాక్టర్ శశికళకు ఆ సంగతి తెలియదా?

తెలుగు ఉచ్చారణ మీద కూడా కొంత దోషం వేయవచ్చు. ఏంజెలిన్ "పిదప"ను మింగేస్తుంది.

జూలై 2

"రెండువైపులా పోయినా, చక్రం ఒక్కవైపే తిరుగుతాది తాతా" అని ఏంజెలిన్ కాగితం మీద వేసి చూపించింది. "సక్సినేట్ నుంచి నేరుగా మాలేట్‌కు దోవ లేదు. నడుమ ఫ్యూమరేట్ ఉండాలి. దానికి నీళ్ళు చేరితేనే మాలేట్ వచ్చేది."

ఎస్తరమ్మ కాఫీ గ్లాసులు పెడుతూ "పెండ్లికూతురు రాకనే మాల ఎవరి మెడలో ఏసినావయ్యా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జూలై 3

చర్చితో, ఛందస్సుతో ఇన్నేళ్ళు గడిపినవాడు తన దినచర్యలోనే అబద్ధం వ్రాయడం తగదు. చిత్తుకాగితంలో మొదట నేను వ్రాసుకున్నది ఫ్యూమరిక ముందుగానే. యతి కుదరలేదు. చెరిపి తిప్పి వేశాను. బాణం సంగతి తిప్పిన తరువాత వెదికి పట్టుకున్న సాకు.

అమైనో ఆమ్లాలు వట్టి పేర్ల వరుస. ముందువెనుకలైనా నష్టం లేదు. చక్రానికి వరుసే ప్రాణం. పంక్తిలో భోజనానికి కూర్చున్నవాళ్ళకూ, వరుసగా చేయి పట్టుకుని నది దాటుతున్నవాళ్ళకూ ఉన్న తేడా. ఇంత మాత్రం తెలియక పద్యం కట్టానా? తెలిసే కట్టాను. యతి అంత అందంగా దిగింది మరి.

జూలై 4

సరైన వరుస చెప్పేశాం కదా, దిద్దుకుంటుందని అనుకున్నాను. దిద్దుకోవడం లేదు! నోటితో అడిగితే సరిగా చెబుతుంది. కాగితం ఇచ్చి, పక్కన టిక్కుటిక్కుమనే గడియారం పెడితే, పద్యం ముందు పరుగెత్తి మాలికను లాక్కొస్తుంది. చేయి దాని వెనుక పోతుంది.

జూలై 5

వేదం వల్లించే ఘనపాఠుల పద్ధతి ప్రయత్నించాను. వాళ్ళు మాటలను రెండేసి పట్టి, ముందుకు చెప్పి, వెనక్కు చెప్పి, మళ్ళీ ముందుకు చెప్పి, వరుస చెదరకుండా వేల ఏళ్ళు కాపాడారు. సక్సినిక-ఫ్యూమరిక, ఫ్యూమరిక-సక్సినిక, ఫ్యూమరిక-మాలిక, మాలిక-ఫ్యూమరిక.

వాళ్ళు బాల్యం నుంచి చేస్తారు. మేము మధ్యాహ్నం నుంచి చేశాం. ఇప్పుడు ఏంజెలిన్‌కు రెండు వరుసలూ సమానంగా వచ్చు. ఏది ఏదో తెలియదు.

జూలై 6

ఇంట్లో గొడవ. నెల్సన్ ఆదివారమంతా ఓపిక పట్టి, సాయంత్రం పగిలాడు.

"నాయినా, పిల్లకు పద్యాలు నేర్పేది చాలు. అది డాక్టరయ్యేదానికి పోయింది. హరికథ చెప్పేదానికి కాదు."

"నీ కూతురికి అమైనో ఆమ్లాలు ఎవరివల్ల వచ్చాయి?"

"వచ్చినది పోగొట్టింది ఎవరు?"

నేను పుస్తకం తీసి బాణం ఉన్న పేజీ వెదికాను.

ఏంజెలిన్ లేచి, అద్దం మీది చీటీలన్నీ పీకి, పెట్టెలో పుస్తకాల మీద వేసి మూత పెట్టింది. "గలాటా వద్దు నాయినా. పరీక్షకు పోను. ల్యాబు కోర్సుకే వేసేయి. ఆడ ఇవన్నీ అడగరు కదా" అంది. చాలా నిదానంగా, దుకాణంలో ఉప్పు అడిగినట్టు అంది.

ఎస్తరమ్మ నన్ను చూసింది.

జూలై 7

ఉదయం నుంచి యతి కోసం వెదికాను. ఫ్యూమరికను ముందు నిలబెడితే పాదం "ఫ్యూ"తో మొదలవుతుంది. మాలికను దాని తరువాత వేస్తే నాలుగో గణం "మా" అవుతుంది. ఫ్యూకు మాకు ఏ లక్షణగ్రంథం ప్రకారం చూసినా చెలిమి లేదు. హల్లు కలవదు, అచ్చు కలవదు. మాలిక మాట వదిలితే ఆ ఆమ్లం పేరు పోతుంది. పేరు నిలిస్తే యతి పోతుంది.

పరీక్ష ముంచుకొస్తున్నది. పెట్టె మూత ఇంకా తీయలేదు.

జూలై 8

యతిని వదిలేశాను.

ఫ్యూమరిక వచ్చి పిమ్మట మాలిక నిడు

గణాలు సరిపోయాయి. యతి లేదు. బడిలో ఏ పిల్లవాడైనా ఇది వ్రాసి తెచ్చి ఉంటే కాగితం ముఖాన విసిరేవాడిని. మూసిన పెట్టె మీద కూర్చుని ఫోను చూసుకుంటున్న పిల్ల ముందు నిలబడి చదివాను. చదువుతున్నప్పుడు గొంతు "మా" దగ్గర రాయి తగిలినట్టు ఆగింది. ఈ వయసులో!

ఏంజెలిన్ తల ఎత్తింది. "తాతా, ఇది తప్పు కదా?"

"ఏది తప్పు?"

"ఆడ... 'మాలిక' దగ్గర. ముందుది జారిపోతా ఉండె. ఇది తగులుకుంటాది. యతి లేదు కదా?"

"లేదు."

"నువ్వు రాసినదా ఇది?" అని నా చేతిలోని కాగితం లాక్కుని చూసింది. నా దస్తూరీయే. నమ్మలేక రెండో వైపు కూడా తిప్పి చూసింది.

"నువ్వు ఎక్కడ తగులుకుంటావో అక్కడే ఆగు," అన్నాను. "ఆగితే ఎందుకాగానని అడుగుతావు. అడిగితే జ్ఞాపకం వస్తుంది. పద్యం నిన్ను పరుగెత్తించింది, ఇది పరుగెత్తనివ్వదు."

ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. అప్పటికప్పుడు తోచింది చెప్పాను. కాని పిల్ల కాగితం తీసుకుని, గడియారం పక్కన పెట్టుకుని, చక్రం వేసింది. సక్సినిక తరువాత పెన్ను ఆగింది. పెదవులు కదిలాయి. ఫ్యూమరిక వేసింది. తరువాత మాలిక.

మళ్ళీ వేయించాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ సరిగా వేసింది.

పెట్టె మూత తీసింది. నెల్సన్‌కు ఈ సంగతి ఇప్పుడే చెప్పనక్కరలేదు.

జూలై 9

తీరిందనుకున్నాను. నా బుద్ధి!

హాస్టలు గుంపులోని పిల్లలందరి నోట్లోనూ పాత పాదమే ఉన్నది. అర్పిత బట్టలు ఉతుక్కుంటూ కూడా అదే పాడుతున్నదట. ఏంజెలిన్ తప్పు బయటపడిన నాడే "వరుస తప్పు, మార్చుకోండి" అని వ్రాసి పంపింది. అందరూ సరేనన్నారు. ఎవ్వరూ మార్చుకోలేదు. వట్టి మాట నిలవదు, పద్యం నిలుస్తుంది. అది నేను చెప్పిన సిద్ధాంతమే.

"కొత్తది పంపిద్దాం తాతా."

"పంపు. నా పేరు తీసేయి."

"పేరు లేకుంటే ఎవరు నమ్ముతారు? ముందుది పండితర్ తాతదని పంపినాను. ఇది ఎవరో చెడగొట్టి పంపినారంటారు. నువ్వే చెప్పాల, నీ గొంతుతో."

నా గొంతుతో. యతిభంగాన్ని. ముక్కు మొగం తెలియని పిల్లలకు, వాళ్ళ నుంచి వాళ్ళ ఇళ్ళకు, ముళబాగిలు, శ్రీనివాసపురం, ఎక్కడెక్కడికో. ఆ ఇళ్ళలో తెలుగు చదువుకున్న తాతలు ఉండరా? నా దగ్గర చదివినవాళ్ళే ఉండరా?

కుదరదన్నాను.

ఏంజెలిన్ వాదించలేదు. "అర్పితకు నాయిన లేడు తాతా. దాని కత నాకన్నా కష్టం. సరే, ఇంకొక దారి చూస్తాను" అని లోపలికి పోయింది.

జూలై 10

పలికాను.

ఒక్కసారి పలికి చేతులు దులుపుకుందామనుకున్నాను. ఫోను ఆ పని జరగనిస్తుందా? ఒకసారి దగ్గు వచ్చింది. ఒకసారి వీధిలో ఆటోవాడు హారన్ మోగించాడు. ఒకసారి ఎస్తరమ్మ నడుమ దూరి "పాల ప్యాకెట్టు తెస్తావా లేదా" అంది, అది కూడా పద్యంతోపాటు ఎక్కింది. ప్రతిసారీ ఏంజెలిన్ "మళ్ళీ చెప్పు తాతా" అనడం, నేను ఆ కుంటిపాదాన్ని మళ్ళీ చదవడం. చివరికి "ఈ పాదంలో యతి లేదు, అది నా దోషమే, పాత పాదంలో వరుస తప్పు, అదీ నా దోషమే, దీనినే చదువుకోండి" అని చెప్పి నా పేరు పలికాను.

వెంటనే బుడగల్లాగా నవ్వు బొమ్మలు వచ్చాయి. ఒక పిల్ల చేతులు జోడించిన బొమ్మ పంపింది. వాటి అర్థం ఏంజెలిన్‌ను అడగలేదు.

జూలై 15

వ్రాతపరీక్ష. చక్రం రాలేదు. ఇన్ని రోజులు పడిన పాట్లకు అది రాలేదు! అమైనో ఆమ్లాలు వచ్చాయి, సయనైడు వచ్చింది. పర్వాలేదంటుంది. ఈ పిల్లకు అన్నీ పర్వాలేదే.

జూలై 18

నోటిపరీక్ష అయింది. ఏంజెలిన్ బస్సు దిగి వచ్చి చెప్పిన సంగతి యథాతథంగా వ్రాస్తున్నాను. అక్కడంతా కన్నడంలో నడిచిందట. ఇంట్లో తెలుగులో చెప్పింది.

బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలు తెల్లకాగితం ముందుకు తోసి "టీసీఏ వేయమ్మా" అంది. ఈమె సక్సినిక దాకా వచ్చి ఆగింది. అలవాటు ప్రకారం పెదవులు కదిలించింది.

"ఏం, మరిచిపోయినావా?"

"లేదు మేడమ్. ఈడ మా తాత తప్పు చేసినాడు. అందుకే ఒక నిమిషం నిలబడినాను."

ఇలాగే అన్నదట! ముక్కూ మొహం తెలియని మనిషితో, పరీక్షగదిలో, తక్కిన పిల్లలు వింటుండగా!

"మీ తాత డాక్టరా?"

"కాదు మేడమ్. తెలుగు పండితర్."

తరువాత ఫ్యూమరిక వేసి, మాలిక వేసి, చక్రం ముగించింది. ఆమె కాగితం చూసి, తల ఊపి, ఆ తప్పేమిటో చెప్పమంది. ఏంజెలిన్ రెండు పాదాలూ పాడి వినిపించింది. మొదటిది, రెండోది. మంచిది ఏది, సరైనది ఏది, ఆ రెండూ ఒకటి ఎందుకు కాలేదో కూడా వివరించిందట.

"నా పరువు తీయడానికి నీకు వేరే చోటు దొరకలేదా?" అని అడిగాను.

"ఆయమ్మ నవ్వింది తాతా. 'మీ తాత తప్పు చేసిన చోటు నువ్వు సచ్చినా మరిచిపోవు' అనింది. నిన్ను తిట్టలేదు."

ఎస్తరమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను లేచి వరండాలోకి పోయాను.

ఆగస్టు 6

ఏంజెలిన్ ఉత్తీర్ణురాలైంది. అర్పిత కూడా.

నెల్సన్ రైలు దిగి నేరుగా వచ్చి, చెప్పులతోనే లోపలికి వచ్చి, కూతురి నెత్తి మీద చేయి పెట్టి నిలబడ్డాడు. తరువాత నా వైపు తిరిగి "నాయినా" అన్నాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

ఆగస్టు 9

కుదిరింది! పొద్దున కుళాయి దగ్గర బకెట్టు నిండే లోపల, వెదకకుండానే కుదిరింది.

ఫ్యూమరిక వచ్చి నిలువగఁ బూలమాల

ఫ్యూకు బూతో చెలిమి. వరుస సరైనది. మాలికను "మాల" అంటే చాలు, ఆమ్లం పేరు గుర్తు వస్తుంది. ఇంత సులభమైన మాట అప్పుడు ఎక్కడ చచ్చింది? మాలికను పట్టుకుని వేలాడినవాడికి మాల ఎలా కనబడుతుంది?

హాస్టలుకు పోవడానికి పెట్టె సర్దుకుంటున్న ఏంజెలిన్ దగ్గరికి తడిచేతులతోనే పోయి చదివాను.

"శానా బాగుండాది తాతా. యతి కూడా ఉండాది."

"అయితే పాతది మరిచిపో. ఇది నేర్చుకో. గుంపులోకి పంపు."

ఏంజెలిన్ చొక్కా మడత పెట్టి పెట్టెలో వేసింది. "వద్దు తాతా. ఇది యాడా తగులుకోదు. పరుగెత్తి దాటిపోతాను."

"అంటే సరైన పద్యం నీకు పనికిరాదా?"

"చదివేదానికి పనికొస్తాది. నాకు కాదు" అని నవ్వి, పెట్టె మూత వేసింది.

బస్సు ఎక్కించి ఆండర్సన్‌పేటలో నడిచి వస్తూ, కొత్త పాదాన్ని గొంతెత్తి చదువుకుందామనుకున్నాను. సొంతంగా, నా సంతోషం కోసం. ఫ్యూమరిక వచ్చి అని ఎత్తుకున్నాను. నోటికి వచ్చింది "పిమ్మట మాలిక నిడు." ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఎత్తుకున్నాను. మళ్ళీ అదే. టీ అంగడి ముందు నిలబడిన వాళ్ళు నన్ను చూశారు. ఇంటి గుమ్మం చేరేదాకా ప్రయత్నించాను. జీవితమంతా ఛందస్సు బోధించిన నాలుక!